ఇంట్లో నెలనెలా పోకర్ టోర్నమెంట్: రెండో నెలకే ఆగిపోకుండా నడపడం ఎలా

"అన్నా, చిప్స్ కొన్నాం. ఒక శనివారం ఆడాం, భలే ఉంది. రెండోసారి నలుగురే వచ్చారు. మూడోసారి ఎవరూ రాలేదు. తప్పెక్కడ జరిగింది?"

హైదరాబాద్‌లో మా ఇంట్లో ప్రతి నెలా రెండో శనివారం ఆడుతున్నాం, నాలుగేళ్లవుతోంది. ఈ సంగతి తెలిసిన వాళ్లలో సగం మంది నన్ను అడిగేది ఇదే. ఆట సరిగ్గా రాక ఆగిపోయిన వాళ్లను నేను చూడలేదు. రాత్రి రెండైనా ఆట తేలకపోవడం, ఒక పాట్ (బల్ల మధ్య పోగైన పందెం చిప్స్) దగ్గర గొడవ పడి ముఖాలు మాడ్చుకుని వెళ్లిపోవడం, ఈ రెండే ఆపేస్తాయి. మొదటిదానికి మందు గడియారం, రెండోదానికి ముందే రాసిపెట్టుకున్న కాగితం. కింద ఉన్నదంతా ఆ రెండింటి గురించే. ఆట నో-లిమిట్ టెక్సస్ హోల్డెమ్, అంటే పందేనికి పై హద్దు లేదు. తలా రెండు ముక్కలు, బల్ల మీద ఐదు ఉమ్మడి ముక్కలు అన్నంతవరకు మీకు తెలుసనుకుంటున్నాను.

ముందు డబ్బు సంగతి

మేం డబ్బు పెట్టం. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు మీరూ పెట్టొద్దు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటేనని 1968లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని "పేకాట లీగలే" అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. కానీ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో సవరించి బాగా బిగించాయి. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడేవాటిని 2025లో కేంద్రమే చట్టం చేసి నిషేధించింది. "తలా వంద రూపాయలే కదా" అన్న మాట పోలీసుల ముందు పనిచేయదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు తమ రాష్ట్రం చట్టం చూసుకోవాలి. టెక్సస్‌లో అయితే ప్రైవేటు ఇంట్లో, గెలిచిన సొమ్ము తప్ప ఇంకెవరికీ లాభం లేకుండా, అందరికీ సమాన అవకాశాలతో ఆడితే ఇబ్బంది లేదు. అంటే ఇంటాయన పాట్‌లోంచి "కరెంటు ఖర్చు" తీసుకున్నాడా, లెక్క మారిపోతుంది.

డబ్బు లేకపోతే మొదటి హ్యాండ్‌కే (మొదటి పంపకానికే) అందరూ ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పందెం) అనేస్తారు కదా? అంటారు, నిజమే. మా మొదటి రెండు నెలలూ అలాగే నడిచింది. దానికి విరుగుడు పాయింట్ల పట్టిక, చివర్లో చెప్తాను.

కావలసినవి

- 6 నుంచి 9 మంది. పదో మనిషి వస్తే ఒకే బల్ల దగ్గర మోచేతులు తగులుతాయి. ఐదుగురే ఉంటే ఆడొచ్చు కానీ త్వరగా అయిపోతుంది.
- 300 చిప్స్ ఉన్న సెట్టు ఒకటి. అంకెలు లేనివైనా ఫర్వాలేదు. ఏ రంగు ఎంతో కాగితం మీద రాసి గోడకు అతికించండి.
- రెండు పేకలు, వెనకవైపు వేర్వేరు రంగులవి, వీలైతే ప్లాస్టిక్‌వి. ఒకటి ఆటలో ఉండగా రెండోదాన్ని ఇంకొకరు కలుపుతూ ఉంటే గంటకు ఎన్నో హ్యాండ్లు ఎక్కువ పడతాయి.
- డీలర్ బటన్, అంటే పంచే వంతు ఎవరిదో చూపే గుర్తు. మాకు ఇప్పటికీ క్యారమ్ స్ట్రైకరే బటన్.
- గంట గట్టిగా కొట్టే టైమర్ ఉన్న ఫోన్, ఆ ఫోన్‌కు ఛార్జర్.
- రూల్స్ కాగితం.

1. రోజు, సమయం మార్చొద్దు

"ఈ నెల ఎప్పుడు కుదురుతుంది?" అని వాట్సాప్ గ్రూప్‌లో అడిగారంటే అయిపోయినట్టే. తొమ్మిది మందికి తొమ్మిది తేదీలు కుదురుతాయి. రెండో శనివారం అంటే రెండో శనివారమే, ఆరుగురు వస్తే ఆరుగురితోనే ఆడండి.

ఆరున్నరకు రమ్మనండి, ఏడుకు మొదటి ముక్క పడాలి. ట్రాఫిక్‌లో ఉన్నవాళ్ల చిప్స్ వాళ్ల సీటు ముందు పెట్టి, వాళ్ల వంతు బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది) కోసేయండి. రెండో లెవెల్ (బ్లైండ్లు పెరిగే ఒక్కో దశ ఒక లెవెల్) అయ్యేలోపు వస్తే కూర్చుని ఆడతారు. ఆ తర్వాత వస్తే ఆట లేదు, ముక్కలు పంచడమే. ఒక్కసారి గట్టిగా ఉంటే చాలు, మరుసటి నెల అందరూ ఆరున్నరకే వస్తారు.

2. బల్ల

అద్దం ఉన్న డైనింగ్ టేబుల్ మీద ముక్కలు జారి కింద పడతాయి. పైగా గోటితో ఎత్తేటప్పుడు పక్కవాడికి కనిపించేస్తాయి. ఒక దుప్పటి మడతపెట్టి పరిచి, దానిమీద ముదురు రంగు బెడ్‌షీట్ బిగించి, అంచులు బల్ల కింద క్లిప్పులతో పట్టించండి. గ్లాసులకు పక్కన స్టూళ్లు వేయండి. బల్ల మీదకు గ్లాసు వచ్చిందంటే పేక తడిసినట్టే. మిర్చి బజ్జీల నూనె చేతులూ అంతే, ముక్క మీద మరక పడితే అది అందరికీ గుర్తుండిపోతుంది.

3. చిప్స్ పంపకం

తలా 5000 ఇవ్వండి, ఇలా:

- 25వి 8 (200)
- 100వి 8 (800)
- 500వి 4 (2000)
- 1000వి 2 (2000)

మనిషికి 22 చిప్స్, తొమ్మిది మందికి 198. కొనేముందు సెట్టులో ఏ రంగు ఎన్ని ఉన్నాయో చూడండి. చిన్న విలువలు రెండూ 100 చొప్పున ఉంటే ఇబ్బంది లేదు. కొన్ని సెట్టుల్లో ప్రతి రంగూ 50 మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు తలా 4 ఇరవై ఐదులు, 9 వందలు ఇచ్చి, రెండు రంగులను వందలుగా లెక్కపెట్టుకోండి.

తప్పు ఇక్కడే మొదలవుతుంది: "చాలా చిప్స్ ఉంటే సరదాగా ఉంటుంది" అని తలా పది వేలు, ఇరవై వేలు ఇచ్చేస్తారు. అదే బ్లైండ్లతో ఆడితే ఆట తెల్లారేదాకా సాగుతుంది.

4. బ్లైండ్లు, గడియారం

20 నిమిషాలకొక లెవెల్. ఇది మా పట్టిక (స్మాల్ బ్లైండ్/బిగ్ బ్లైండ్):

1) 25/50
2) 50/100
3) 75/150
4) 100/200
5) 150/300
భోజనం, 20 నిమిషాలు. 25ల చిప్స్ తీసేయాలి.
6) 200/400
7) 300/600
8) 400/800
9) 600/1200
10) 800/1600
11) 1000/2000
12) 1500/3000

మీకు వేరే పట్టిక కావాలంటే ఒక మోటు లెక్క ఉంది. బల్ల మీద ఉన్న మొత్తం చిప్స్‌ను 20తో భాగించండి. బిగ్ బ్లైండ్ ఆ అంకె దగ్గరకు వచ్చేసరికి ఆట ముగింపుకొస్తుంది. తొమ్మిది మందికి 45,000. 20తో భాగిస్తే 2250. అంటే 11వ లెవెల్. ఏడుకు మొదలుపెడితే 8:40కి భోజనం, 9కి మళ్లీ ఆట, 11 గంటల ప్రాంతంలో విజేత.

మేం మొదటిసారి అరగంట లెవెళ్లతో, తలా పది వేలతో ఆడాం. రాత్రి ఒంటిగంటన్నరకు ఇంకా నలుగురున్నారు. పక్క ఫ్లాట్ పెద్దాయన బెల్ కొట్టి, ఏమీ అనకుండా, లోపల ఉన్నవాళ్లను ఒకసారి చూసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

టైమర్ మోగిందంటే కొత్త బ్లైండ్లు తర్వాతి హ్యాండ్ నుంచి. నడుస్తున్న హ్యాండ్ పాత బ్లైండ్లతోనే పూర్తవుతుంది. "ఒక్క రెండు హ్యాండ్లు ఆగు" అని బతిమాలేది ఎప్పుడూ చిప్స్ తక్కువున్నవాడే. ఆగకండి.

5. రూల్స్ కాగితం రాయండి, ఒక్క పేజీ

పోకర్ కొత్తగా నేర్చుకున్న మనవాళ్లలో చాలామందికి మూడు ముక్కలాట ముందే వచ్చు. చిక్కంతా అక్కడే. ఆ ఆటలో సీక్వెన్స్ కలర్‌ను కొడుతుంది, ట్రయల్ (మూడూ ఒకే రకం) అన్నింటినీ కొడుతుంది. పోకర్‌లో కలర్, అంటే ఫ్లష్, సీక్వెన్స్‌ను కొడుతుంది. మూడు ఒకే రకం ముక్కలు సీక్వెన్స్‌కు కూడా ఓడిపోతాయి. కాబట్టి పెద్ద నుంచి చిన్నకు వరస ఇలా రాసి అందరికీ కనిపించేలా పెట్టండి:

రాయల్ ఫ్లష్ (ఒకే రంగులో 10 నుంచి ఆసు దాకా), స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే రంగు సీక్వెన్స్), నాలుగు ఒకే రకం, ఫుల్ హౌస్ (మూడు, రెండు), ఫ్లష్, స్ట్రెయిట్ (సీక్వెన్స్), మూడు ఒకే రకం, రెండు జతలు, ఒక జత, పెద్ద ముక్క.

దానికింద ఇంకో రెండు మాటలు. ఆసు, 2, 3, 4, 5 చెల్లుతుంది కానీ స్ట్రెయిట్‌లలో అదే అన్నింటికన్నా చిన్నది. రాణి, రాజు, ఆసు, 2, 3 చెల్లదు. ఇక రంగుల్లో పెద్దా చిన్నా లేదు. ఇస్పేటు ఆసు ఆఠీను ఆసును కొట్టదు.

కాగితం చివర పెద్దక్షరాలతో: "కాగితంలో లేనిది ఇంటివాళ్లు తేలుస్తారు. ఆ రాత్రికి అదే ఖాయం." వాదన ఉంటే మరుసటి రోజు గ్రూప్‌లో పెట్టుకోవచ్చు. అప్పటికి సగం మంది మరచిపోతారు.

6. సీట్లు, బటన్, పంచడం

ఆసు నుంచి 9 వరకు ముక్కలు కలిపి బోర్లా పెట్టి తలా ఒకటి తీయమనండి, అదే సీటు నంబరు. భార్యాభర్తలు పక్కపక్కన పడితే పడనివ్వండి. మళ్లీ పేక మొత్తంలోంచి తలా ఒకటి. ఎవరికి పెద్ద ముక్క వస్తే స్ట్రైకర్ వాళ్ల ముందు.

పంచేముందు రెండు పేకల్లోంచీ జోకర్లు తీసేయండి. రమ్మీ అలవాటు కొద్దీ వదిలేస్తాం. మా ఇంట్లో ఒకసారి రివర్ మీద, అంటే ఐదో ఉమ్మడి ముక్కగా, జోకర్ బయటపడింది, పాట్‌లో ఎనిమిది వేలున్నాయి. ఎవరి చిప్స్ వాళ్లకు వెనక్కి ఇవ్వడానికి పావుగంట పట్టింది. ముక్కలు లెక్కపెట్టండి, 52.

బటన్‌కు ఎడమ పక్కన స్మాల్ బ్లైండ్, ఆ పక్కన బిగ్ బ్లైండ్. ఎడమ నుంచి ఒక్కొక్కటిగా రెండు చుట్లు పంచాలి. ఫ్లాప్ (మొదటి మూడు ఉమ్మడి ముక్కలు), టర్న్ (నాలుగోది), రివర్ ప్రతిదానికీ ముందు పైముక్క ఒకటి బోర్లా పక్కన పడేయాలి. పంచుతుండగా మొదటి రెండు ముక్కల్లో ఏదైనా తిరగబడితే మళ్లీ కలపండి. ఆ తర్వాత ఒకటి తిరగబడితే దాన్నే పక్కన పడేసే ముక్కగా వాడి, ఆ మనిషికి పేకపైది ఇవ్వండి. రెండు తిరగబడితే మళ్లీ మొదటికే.

ఎవరైనా అవుటయ్యాక బటన్ ఎక్కడికి పోవాలని తికమక పడతారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: బిగ్ బ్లైండ్ ఎప్పుడూ ఆటలో ఉన్న తర్వాతి మనిషికే జరుగుతుంది, ఎవరూ దాన్ని తప్పించుకోకూడదు. మిగతావి దాని వెనకే. ఒక్కోసారి బటన్ ఖాళీ కుర్చీ ముందు ఉంటుంది, ఒక్కోసారి స్మాల్ బ్లైండే ఉండదు. తప్పేమీ కాదు.

7. మాట ముందు, చిప్ తర్వాత

బల్ల దగ్గర గొడవల్లో సగం ఇక్కడివే. "రైజ్, ఆరు వందలు" అని నోటితో చెప్పి చిప్స్ పెట్టమనండి. ఏమీ అనకుండా ఒకే పెద్ద చిప్ వేస్తే అది కాల్ (అవతలి పందేనికి సమానంగా పెట్టడం) మాత్రమే. 200 పందెం మీద మాట్లాడకుండా 1000 చిప్ వేశారంటే 800 చిల్లర ఇచ్చేయాలి. కొంచెం పెట్టి, ఎదుటివాడి ముఖం చూసి, ఇంకొంచెం పెట్టడం చెల్లదు. మొదటి చేత్తో పెట్టిందే లెక్క.

రైజ్ ఎంత చేయాలి? ముందు మనిషి ఎంత పెంచాడో కనీసం అంత. బిగ్ బ్లైండ్ 100 ఉండగా ఒకరు 300 చేశారంటే పెంచింది 200. తర్వాతి రైజ్ కనీసం 500 కావాలి.

పందెం చిప్స్ నేరుగా మధ్యలోకి విసరొద్దు. ఎవరి ముందు వాళ్లు పెట్టుకుని, ఆ చుట్టు అయ్యాక డీలర్ మధ్యకు లాగాలి. విసిరితే ఎవరు ఎంత పెట్టారో దేవుడికే తెలియాలి.

వంతు రాకుండానే ఫోల్డ్ చేయడం (ముక్కలు పడేయడం) రమ్మీ వాళ్లకు బాగా అలవాటు. చూడ్డానికి చిన్నదే కానీ ముందు ఆలోచించుకుంటున్న వాడికి అది ఊరికే దొరికిన సమాచారం. రెండుసార్లు నవ్వుతూ చెప్పండి, మూడోసారి ఒక హ్యాండ్ కూర్చోబెట్టండి.

8. ఆల్-ఇన్, సైడ్ పాట్

అందరూ నన్ను ఫోన్ చేసి మరీ అడిగేది ఇదే. చిప్స్ తక్కువున్నవాళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి రండి.

బావ దగ్గర 1500, వదిన దగ్గర 4000, మీ దగ్గర 6000. ముగ్గురూ ఆల్-ఇన్. ముందు బావకున్న 1500కు సరిపడా ముగ్గురి దగ్గరా తీయండి: 4500. ఇది మెయిన్ పాట్, ముగ్గురికీ హక్కుంది. ఇప్పుడు వదినకు మిగిలింది 2500. ఆమె దగ్గర 2500, మీ దగ్గర 2500 తీసి పక్కన వేరే కుప్ప పెట్టండి: 5000. ఇది సైడ్ పాట్, వదినకూ మీకూ మధ్యే. మీకు మిగిలిన 2000 ఎవరూ అందుకోలేదు కాబట్టి వెంటనే మీ దగ్గరికి వచ్చేస్తుంది.

తేల్చేటప్పుడు తిరగేసి: ముందు సైడ్ పాట్, తర్వాత మెయిన్ పాట్. బావకు అన్నింటికన్నా మంచి ముక్కలు వచ్చినా ఆయనకు 4500 మించి రాదు.

సరిచూసుకోవడం ఇలా: 4500, 5000, 2000 కలిపితే 11,500. మొదట ముగ్గురి దగ్గర ఉన్నది 1500, 4000, 6000, కలిపితే 11,500. అంకెలు కలవకపోతే ముక్కలు తిప్పకండి. రివర్ పడ్డాక మొదలుపెడితే ఓడినవాడి లెక్క వేరే, గెలిచినవాడి లెక్క వేరే.

9. ముక్కలు చూపించడం

రివర్ మీద చివరిగా పందెం కట్టినవాళ్లు ముందు చూపాలి. ఎవరూ కట్టకపోతే బటన్‌కు ఎడమ నుంచి. పందేలు ముగిసి ఎవరైనా ఆల్-ఇన్‌లో ఉంటే, ఆటలో ఉన్నవాళ్లందరూ ముక్కలు తెరిచేయాలి.

నోటితో ఏం చెప్పారన్నది కాదు, ముక్కల్లో ఏముందో అదే లెక్క. "నాకు జత ఒకటే" అని పెట్టినా అక్కడ ఫ్లష్ ఉంటే అది ఫ్లషే. అందుకే కొత్తవాళ్లకు చెప్పండి, బల్ల మీద తెరిచి పెట్టండి, మీరే ఓడానని మధ్యలోకి విసిరేయొద్దు. మధ్యలో కలిసిపోయిన ముక్కలు తిరిగి రావు.

ఏడు ముక్కల్లో మంచి ఐదే లెక్క. "నాకు మూడు జతలు" అనేవాళ్లకు పెద్ద రెండు జతలు, వాటితో పాటు మిగిలినవాటిలో పెద్ద ముక్క ఒకటి. ఇద్దరి ఐదూ సమానమైతే పాట్ సగం సగం. ఆరో ముక్కతో పోల్చడం లేదు. విడదీయగా చివర మిగిలిన చిప్ బటన్‌కు ఎడమ వైపు దగ్గరున్నవాళ్లకు.

10. భోజనం, 25లు తీసేయడం

వంట వంతు పేర్ల వరస ప్రకారం తిరగాలి. ఓడినవాళ్లు బిర్యానీ తేవాలన్నారంటే అది కూడా పందెమే అవుతుంది, పైగా ఎప్పుడూ ఒకరిద్దరి మీదే పడుతుంది.

ప్లేట్లు తీసేలోపు నాలుగు 25లకు ఒక 100 మార్చేయండి. ఒకటో రెండో మూడో మిగిలినవాళ్లకు ఇంకో 100 ఇచ్చేయండి. క్యాసినోల్లో దీనికి ముక్కలు పంచి తేలుస్తారు కానీ మన ఇంటికి అంత అవసరం లేదు. అప్పుడే అందరి చిప్స్ కలిపి చూడండి: 45,000 (అవుటై మళ్లీ 5000తో వచ్చినవాళ్లుంటే అదీ కలిపి) కన్నా కొన్ని వందలు ఎక్కువ రావచ్చు. తక్కువ వచ్చిందంటే ఏదో చిప్ బల్ల కింద ఉంది. మాకు ఒక వెయ్యి చిప్ రెండు నెలలకు సోఫా సందులో దొరికింది.

11. ఇద్దరే మిగిలితే

ఇక్కడ తొంభై శాతం ఇళ్లలో తప్పాడతారు. బటన్ ఉన్నవాళ్లే స్మాల్ బ్లైండ్. ఫ్లాప్‌కు ముందు వాళ్లే మొదట ఆడతారు, ఫ్లాప్ తర్వాత వాళ్లే ఆఖరున. కాగితంలో రాయండి, ఆ సమయానికి ఎవరి బుర్రా పనిచేయదు.

12. పాయింట్లు

వచ్చినందుకు 1. ఎంతమంది మీకన్నా ముందు అవుటయ్యారో అన్ని. మొదటి ముగ్గురికి అదనంగా 5, 3, 1. తొమ్మిది మందిలో గెలిస్తే 1, 8, 5 కలిపి 14. రెండో స్థానం 11, మూడు 8, నాలుగు 6. అందరికన్నా ముందు పోయినవాళ్లకు 1. సంవత్సరంలో 12 ఆటలకు మంచి 8 మాత్రమే కలపండి. ఊరెళ్లినవాళ్లు, పెళ్లిళ్లున్నవాళ్లు దీంతో పోటీలోనే ఉంటారు.

ఏడుంబావుకే అవుటైనవాడు భోజనం దాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే వచ్చే నెల రాడు. అందుకని మొదటి మూడు లెవెళ్లలోపు ఒక్కసారి మళ్లీ 5000తో రానివ్వండి, 2 పాయింట్లు కోత. ఆ రాత్రి పాయింట్లు సున్నా కన్నా కిందికి పోవు. ఇలా ముగ్గురు మళ్లీ వస్తే బల్ల మీద 60,000 అవుతుంది, ఆట 12వ లెవెల్ దాకా వెళ్తుందని ముందే అనుకోండి. ఆ తర్వాత అవుటైనవాళ్లకు డీలర్ పని ఇవ్వండి, లేదా రెండో పేక కలపమనండి.

ఈ పట్టిక పెట్టిన మూడో నెలకే ఆల్-ఇన్‌ల జాతర ఆగిపోయింది. డబ్బుకు కూడా అంత జాగ్రత్తగా ఆడతారో లేదో, 8 పాయింట్లు 6 అయిపోతాయంటే మా బావ రెండు నిమిషాలు ఆలోచిస్తాడు. ఆలోచించేవాళ్లకు నిమిషం గడువు కూడా రాసుకోండి మరి.

అందరూ వెళ్లాక పెట్టెలో చిప్స్ 300 ఉన్నాయో లేదో, రెండు పేకలూ 52 చొప్పున ఉన్నాయో లేదో చూడండి. పట్టిక ఫొటో ఆ రాత్రే గ్రూప్‌లో పెట్టేయండి. ఆదివారం మధ్యాహ్నానికి వాయిదా వేస్తే మూడో స్థానం ఎవరిదో చెప్పడానికి ముగ్గురు తయారవుతారు.